ఏడో గంటకీ పన్నెండో గంటకీ మధ్య

"కాలర్ దగ్గర ఇంకోసారి రుద్దు, ఇవాళ ఫొటోలు తీస్తారు" అన్నారు మా ఆయన, అద్దంలోంచి నన్ను చూస్తూ.

ఇస్త్రీపెట్టె మళ్ళీ పెట్టి రుద్దాను. నిన్న సాయంత్రం నుంచి మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ ఇలాంటివే. కాలర్, సాక్సులు, కారు తాళాలు. అసలు మాట ఒకటి ఇంట్లో ఉందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం దాన్ని తగలకుండా పక్కనుంచి తిరుగుతున్నాం. ఈ చొక్కా వేసుకుని పదకొండింటికి ఆయన ఒక ఒప్పందం మీద సంతకం పెడతారు. మందుల కంపెనీ వాళ్ళు, పెద్దాసుపత్రి ఎముకల డాక్టరుగారు, మా ఆయన. మూడు సంతకాలూ పడితే వచ్చే సోమవారం నుంచి పరీక్ష కోసం పన్నెండు మంది పేషెంట్ల మోకాళ్ళలోకి మా జెల్ ఎక్కుతుంది. మా జెల్ అని నోరు జారాను. కాగితాల మీద అది ఆయన జెల్. ఆయన మా కెమికల్ ఇంజనీరింగ్ విభాగానికి హెడ్డు. నేను అదే విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. "ఇద్దరూ ఒకేచోట, ఎంత సౌకర్యమో" అంటారు తోటివాళ్ళు. ఎవరికి సౌకర్యమో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

జెల్ సంగతి చెప్పాలంటే మా అత్తగారి మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. పదకొండేళ్ళ కింద ఆవిడకు ఆపరేషన్ అయింది. రోజూ సాయంత్రం ఆరింటికి వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టేదాన్ని. గుడ్డ చల్లారగానే మళ్ళీ మూలిగేవారు. వేడి కాసేపే ఉంటోంది, నొప్పి తెల్లవార్లూ ఉంటోంది. లోపలే కూర్చుని కొంచెం కొంచెంగా పనిచేసేది ఏదైనా ఉంటే బాగుండును కదా అనిపించింది, చేతిలో గుడ్డతోనే. ఆపరేషన్ చేసిన కీలులోకి సూదితో ఎక్కిస్తే అక్కడే గడ్డకట్టి, తనలో దాచుకున్న మత్తుమందును రెండు రోజుల పాటు పొదుపుగా వదిలే జెల్. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనతో అన్నాను. పైవారం విభాగం మీటింగులో "నాకో ఆలోచన వచ్చింది" అని మొదలుపెట్టారు. నేను మూడో వరసలో కూర్చుని తలూపాను. ఎందుకు తలూపానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

కొంచెం కొంచెంగా అన్నదే ఆ జెల్‌కు ప్రాణం. మందు ఒక్కసారిగా బయటపడిందంటే రక్తంలో కలిసి గుండెను పట్టుకుంటుంది. అందుకే జెల్‌ను ఒంటి వేడిమి ఉన్న నీళ్ళలో వేసి, గంట గంటకూ చిన్న గొట్టంలోకి నీళ్ళు తీసి, మందు ఎంత వదిలిందో కొలవాలి. పొద్దున ఇంట్లో అందరి డబ్బాలూ సర్ది నేను ల్యాబ్ చేరేసరికి ఎనిమిది. జెల్ తయారయ్యేసరికి తొమ్మిది. అక్కణ్ణుంచి లెక్క. ఒకటో గంట, రెండో గంట, అలా ఏడో గంటకు సాయంత్రం నాలుగు. నాలుగింటికి నా ఫోను మోగేది. "నీ జిగురు ఎక్కడికీ పోదమ్మా, పిల్ల బస్సే వెళ్ళిపోతుంది" అనేవారు అత్తగారు. అందులో తప్పేముంది, నిజమే కదా అనుకుని పరిగెత్తేదాన్ని. పాపను దింపుకోవడం, టీలు, హోంవర్కు, ఆరింటికి కాపడం, వంట. మళ్ళీ ల్యాబ్‌కు వచ్చి గొట్టం నింపేసరికి తొమ్మిది, అంటే పన్నెండో గంట. మధ్యలో ఉన్న నాలుగు గంటల దగ్గర నోటుబుక్కులో ఖాళీ వదలకూడదు, అది మా పనిలో మొదటి నియమం. కొలవకపోతే కొలవలేదని రాసి సంతకం పెట్టాలి. "తీయలేదు, తీయలేదు, తీయలేదు, తీయలేదు." పదకొండేళ్ళ నోటుబుక్కుల నిండా నా చేతిరాతతో నాలుగేసి తీయలేదులు.

ఎవరూ సాయం చేయలేదా అంటే, రీసెర్చి పిల్లలందరూ హెడ్డుగారి కిందే చేరతారు. తనంతట తానే గంట గంటకూ నీళ్ళు తీసే మిషను ఒకటి ఉంటుంది. కొందామని మూడుసార్లు రాసిచ్చాను. మూడోసారి ఆయన కాగితం తిరిగిస్తూ "మిషనెందుకు, నువ్వున్నావుగా" అన్నారు. ఎంత ముద్దుగా అన్నారంటే, నేను నవ్వాను కూడా.

పేపరు రాసినప్పుడు, ఏ గంటకు మందు ఎంత వదిలిందో చూపే గీతను ఏడు దగ్గర ఆపి, మళ్ళీ పన్నెండు దగ్గర మొదలుపెట్టాను. మధ్యలో కొలవలేదు కనుక మధ్యలో గీత లేదు. అచ్చుకు వెళ్ళేముందు చూస్తే గీత ఏడు నుంచి పన్నెండుకు నున్నగా, ఒక్క వంపుతో వెళ్ళిపోయింది. చుక్కలన్నీ తీసేసి లావు గీత ఒక్కటే ఉంచారు మా ఆయన. అడిగితే, "మధ్యలో తెగితే చూడ్డానికి బాగుండదు, ఆ చివరా ఈ చివరా సరిపోయాయిగా" అన్నారు. ఆ రోజు పాపకు జ్వరం. సరే అన్నాను. ఇందులో నా తప్పు లేదని చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. చూశాను, తెలిసింది, ఊరుకున్నాను.

ఈ నెలలో కంపెనీ వాళ్ళు కొత్తగా చేసిన జెల్‌తో ఒకసారి లెక్కలు పంపమన్నారు. పాప కాలేజీ హాస్టల్లో చేరింది. అత్తగారు నెల రోజులకని ఆడబిడ్డ ఇంటికి వెళ్ళారు. మా ఆయన ఏదో సదస్సుకు ఊళ్ళో లేరు. పదకొండేళ్ళలో మొదటిసారి నాలుగింటికి నా ఫోను మోగలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళినదాన్ని, ఎక్కడికి వెళ్తున్నానో తెలియక ఆగిపోయాను. వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. అయిదింటికి ఎనిమిదో గొట్టం తీశాను, మామూలుగానే ఉంది. ఆరింటికి తొమ్మిదో గొట్టం. మందు కొలిచే మిషను చూపించిన అంకె చూసి నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ కొలిచాను. జెల్ ఉబ్బి ఉబ్బి తొమ్మిదో గంటలో పై పొర పగిలి, నాలుగు గంటల్లో వదలాల్సిన మందును ఒక్క గంటలో కక్కేస్తోంది. ఆ తర్వాత అలిసిపోయినట్టు మూడు గంటలు దాదాపు ఏమీ వదలదు. కాబట్టి పన్నెండో గంటకు లెక్క సరిగ్గా పాత లెక్కే. ఆ చివరా ఈ చివరా సరిపోయాయి. ఇంకో రెండు రోజులు కొత్త జెల్‌తో చేశాను, రెండుసార్లూ అంతే. నోటుబుక్కులో నాలుగు గడులూ అంకెలతో నింపి సంతకం పెట్టాను. సరిగ్గా ఆ ఆరింటికే కదా నేను ఇంట్లో వేడినీళ్ళ గిన్నె ముందు కూర్చునేది.

నిన్న సాయంత్రం ఆయన సదస్సు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుండగా చెప్పాను. ముందు తేలిగ్గా తీసుకున్నారు. మూడుసార్లే కదా, గది వేడి తేడా పడి ఉంటుందన్నారు. పడలేదని చూపించాను. జెల్ ఎక్కించి చూసిన కుందేళ్ళకేమీ కాలేదుగా అన్నారు. కుందేళ్ళ రక్తం తీసింది కూడా నా ఇంటి టైమ్ ప్రకారమే, వాటికి ఎక్కించింది చిటికెడు మందే అన్నాను. అప్పుడు బూటు పక్కన పెట్టి, క్లాసులో మొద్దు పిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"ఆ పేపర్లో మొదటి పేరు నీదని గుర్తుంచుకో. ఖాళీ వదిలింది కూడా నువ్వే. ఆ గంటల్లో మీరెక్కడున్నారు మేడమ్ అని ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్? వచ్చే నెల నీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. ముందు సంతకాలు కానీ. జెల్ తర్వాత చూసుకుందాం."

మొదటి పేరు నాదన్న సంగతి పదకొండేళ్ళలో ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఆ పేపరుకు ఆయన బహుమతి తీసుకున్న రోజున కూడా రాలేదు. నేను లోపలికి వెళ్ళి వంట చేశాను. ఏం చేశానో గుర్తులేదు, ఇద్దరం తిన్నాం. తర్వాత అంటే ఎప్పుడని అడగలేదు. సోమవారం తర్వాతా? పన్నెండు మందిలో ఎవరి గుండె ఆగిన తర్వాతా? భయం వేసింది. ఇంటర్వ్యూ పోతుందని ఒక భయం, పేపరు వెనక్కి తీసుకుంటే ఈ విభాగంలో తల ఎలా ఎత్తుకోవాలని ఒక భయం, ఈ ఇంట్లో రేపటి నుంచి ఎలా మసలాలన్నది అన్నిటికన్నా పెద్ద భయం. అదే అన్నిటికన్నా పెద్దదైనందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

కారులో ఆయన ఉపన్యాసం మననం చేసుకున్నారు. నా ఒళ్ళో సంచీ, సంచీలో నోటుబుక్కు. "సంచీ ఎందుకు, మీటింగుకేగా" అన్నారు. అలవాటు అన్నాను.

మీటింగు గదిలో నాకు గోడ పక్క కుర్చీ. బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు సంతకాలు పెట్టేవాళ్ళకు. తెర మీద ఆ నున్నని గీత, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. కంపెనీ వాళ్ళు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఎముకల డాక్టరుగారు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు ఒక్కొక్కటే చదివారు. అందరూ పెన్నులు తీశారు. డాక్టరుగారు కూడా తీశారు, కానీ పెన్ను మూత విప్పి ఆగారు.

"మా నర్సులు పేషెంట్లకి ఏ ఏ గంటల్లో రక్తం తీయాలో ఇందులో రాయలేదు. ఎప్పుడు తియ్యమంటారు?"

"ఏడో గంటకొకటి, పన్నెండో గంటకొకటి చాలు డాక్టరుగారూ. మధ్యలో వాళ్ళని నిద్రపోనివ్వండి" అన్నారు మా ఆయన. కొద్దిగా నవ్వులు వినిపించాయి. నా ఇంటి గడియారం పన్నెండు మంది మంచాల దగ్గరికి నడిచి వెళ్తోంది. నేను కుర్చీలో కదిలినట్టున్నాను. ఆయన నా వైపు తిరిగారు. గొంతులో అదే ముద్దు.

"మేడమ్, టీ సంగతి కాస్త చూస్తారా?"

లేచాను. ఎవరూ నన్ను చూడలేదు, టీకి లేచినవాళ్ళను ఎవరు చూస్తారు. తలుపు దాకా వెళ్ళాను. మొన్న ల్యాబ్ గుమ్మంలో నిలబడినట్టే నిలబడ్డాను. సంచీలోంచి నోటుబుక్కు తీసి, వెనక్కి నడిచి, డాక్టరుగారి ముందు ఒప్పందం కాగితాల మీదే తెరిచి పెట్టాను. మా ఆయన నన్ను మేడమ్ అని పిలిచారు, తర్వాత ఇంట్లో పిలిచే పేరుతో పిలిచారు. అందరి ముందూ ఆ పేరుతో పిలవడం అదే మొదలు. ఆ గంటల్లో మీరెక్కడున్నారని నన్నెవరూ అడగలేదు. అయినా చెప్పాను.

"తెర మీద ఏడుకీ పన్నెండుకీ మధ్య ఉన్న గీత మేం కొలిచింది కాదు డాక్టరుగారూ, కలిపి గీసింది. పదకొండేళ్ళు ఆ గంటల్లో నేను ఇంటి పనిలో ఉన్నాను. తొమ్మిదో గంటకైతే మా అత్తగారి మోకాళ్ళకి కాపడం పెడుతున్నాను. మొన్న మొదటిసారి ఇంటికెళ్ళకుండా ఇక్కడే ఉండి కొలిచాను. జెల్ పగులుతోంది."