లేని కమాండు

చోడవరం మాడుగుల రోడ్డులో, ఎరువుల కొట్టు మీద అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో పరదేశిగారు కంప్యూటర్ సెంటరు తెరిచి, పాఠాలు చెప్పడానికి ఉదయ్‌కుమార్‌ని పెట్టుకున్నారు. ఉదయ్ విశాఖలో డిప్లొమా చేశాడు. డాస్ అతనికి కొట్టిన పిండి. కానీ తొంభై ఏడు వచ్చేసరికి డాస్ అంటే ఎవరూ మెట్లెక్కడం లేదు. అందరి నోటా నెట్‌వర్కింగు, యూనిక్సు. పరదేశిగారు ఆ రెండు పేర్లూ బోర్డు మీద ఎర్రరంగుతో రాయించి, "నీకేటి బాబూ, సదువుకున్నోడివి. ముందు నువ్వు సదువుకో, ఎనకాల ఆళ్ళకి సెప్పు" అన్నారు.

అలాగే నడిచింది. పొద్దున చదివింది సాయంత్రం చెప్పేవాడు ఉదయ్. కొన్నిసార్లు చదవనిది కూడా చెప్పేవాడు. పాఠం మధ్యలో ఆగి నీళ్ళు నమిలితే పరువు పోతుందని అతని భయం.

ఆ బ్యాచిలో ఝాన్సీ ఉండేది. గోవాడ పక్క ఊరు, చెరుకు రైతు కూతురు. చోడవరంలోనే డిగ్రీ అయింది. సైకిలు కింది కొట్టువాళ్ళకి అప్పజెప్పి అందరికంటే ముందొచ్చి కూచునేది. మిగతావాళ్ళు సారు మాట విని సగం మరిచిపోయేవాళ్ళు. ఆమె మాత్రం సారు ఏదంటే అదే అనుకునేది.

ఒకరోజు ఉదయ్ సర్వరు గురించి చెబుతున్నాడు. మూల ఉన్న పెద్ద మెషీను సర్వరు, గోడ వెంట పాకిన కేబులు పట్టుకుని మిగతావన్నీ దానిమీదే బతుకుతాయి, అందరి ఫైళ్ళూ అందులోనే ఉంటాయి, 'రూట్' అనే పేరుతో లోపలికెళ్ళినవాడికి అడ్డూ ఆపూ ఉండదు, ఎవరి ఫైలైనా తెరవొచ్చు, తుడిచెయ్యొచ్చు అన్నాడు. ఝాన్సీ చెయ్యెత్తింది.

"సార్, రూట్‌లో ఉండి పొరపాట్న ఫైలు తుడిసేస్తే మళ్ళీ వస్తాదా?"

డాస్‌లో అయితే, వెంటనే చూసుకుంటే, తుడిచిన ఫైలు చాలాసార్లు దొరుకుతుంది. దానికి కమాండుంది. యూనిక్సులో ఉందో లేదో ఉదయ్‌కి తెలియదు. తెలియదని అనబోయి ఆగిపోయాడు. క్లాసంతా అతని మొహంలోకే చూస్తోంది.

"ఎందుకు రాదు? దీనికీ ఒక కమాండుంది. రేపు చెప్తాను," అన్నాడు.

మర్నాడు కరెంటు లేదు. ఆ తర్వాత పాఠం ముందుకు జరిగిపోయింది. ఆమె అడగలేదు. అతను, గుర్తుండి కూడా, ఊరుకున్నాడు.

కోర్సయ్యాక ఝాన్సీకి విశాఖ రేవు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో ట్రైనీగా ఉద్యోగం దొరికింది. మల్కాపురంలో పిన్ని ఇంట్లో ఉంటూ వెళ్ళి రావడం. పరదేశిగారు ఆమె పేరు బోర్డుకెక్కించారు. చేరబోయే ముందు ఆమె మాడుగుల హల్వా డబ్బా పట్టుకొచ్చి ఉదయ్ చేతిలో పెట్టింది. "మీ సలవే సార్," అంది. అతనా హల్వా ఇంటికి తీసుకెళ్ళి, అందరికీ చెప్పుకుని మరీ తిన్నాడు.

చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆట మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఝాన్సీ సెంటరుకొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. కూచోమంటే కూచోలేదు.

"ఉద్యోగం పోయింది సార్."

డిస్కు నిండిపోయి మెషీను నడవడం లేదట. పైన చూసుకునే ఆయన సెలవులో ఉన్నాడు. బిల్లులు బయటికి రాక గుమాస్తాలు గోల పెట్టేశారు.

"పాత ఫైళ్ళు తీసేస్తే జాగా వస్తాదని రూట్‌లోకెళ్ళేను సార్. కొన్నిటి మీద అనుమానం వచ్చింది, పాతవా కాదా అని. తప్పయితే ఎనక్కి తెచ్చుకోవచ్చు కదా అని తుడిసేసేను. కూలోళ్ళ హాజర్లు, సరుకు బిల్లులు, అన్నీ అందులోనే ఉన్నాయంట. టేపు మీద కాపీ ఉందన్నారు. పెట్టి సూస్తే మెషీను దాన్ని సదవడం లేదు." ఆమె చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. "ఆ కమాండు ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు సార్. మీరది సెప్పిన రోజు నేను రాలేదు కామోసు. ఏటి సార్ అది?"

ఉదయ్ కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడైనా చెప్పెయ్యాలి. తలుపు దగ్గర కొత్త బ్యాచి వాళ్ళు చెప్పులు విడుస్తున్నారు. పక్కగదిలోంచి పరదేశిగారి దగ్గు వినిపిస్తోంది.

"అవును, నువ్వు రాని రోజునే చెప్పాను," అన్నాడు. "అయినా అది అన్ని మెషీన్ల మీదా పనిచెయ్యదులే."

"అదీ! అనుకున్నాను," అని ఆమె నుదురు కొట్టుకుంది. "నా ఖర్మ సార్. ఆ రోజే మానెయ్యాలా?"

ఆమె మెట్లు దిగిపోయింది. ఉదయ్ కొత్త బ్యాచి ముందు నిలబడి కేబుల్ గురించి ఏదో మొదలుపెట్టాడు. వాళ్ళు తలవంచుకుని రాసుకుంటున్నారు. అతనేమంటే అది, ఒక్క ముక్క వదలకుండా. తలనొప్పిగా ఉందని క్లాసు వదిలేశాడు.

ఆ సాయంత్రమే బీరువాలోంచి యూనిక్సు మాన్యువల్ తీసి వెతికాడు. అలాంటి కమాండు లేదు. తుడిచింది పోయినట్టేనని, అందుకే కాపీ తీసి పెట్టుకోవాలని, ఆ కాపీ పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలని తేట మాటల్లో రాసి ఉంది. ఏ రోజు తెరిచినా తెలిసేది. తెరవలేదు. కంచంలో అన్నం ముందు కూచుంటే హల్వా డబ్బా గుర్తొచ్చి ముద్ద దిగలేదు. ఆమె నుదురు కొట్టుకున్న చప్పుడు చెవిలోంచి పోలేదు.

ఆదివారం సైకిలేసుకుని వాళ్ళ ఊరెళ్ళాడు. దారంతా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళే. ఝాన్సీ తల్లి అచ్చియ్యమ్మ అతన్ని చూసి గబగబా మంచం వాల్చింది, గ్లాసుతో మజ్జిగ తెచ్చింది.

"మీరొచ్చేరు, అదే పదేలు బాబూ. మా గుంట సరిగ్గా తినడం నేదు. సారు బాగానే సెప్పేరు, నానే ఇనుకోనేదు అని ఒకటే ఏడుపు. ఆళ్ళ నాన్నైతే, డబ్బులట్టుకెళ్ళి అక్కడ కునుకు తీసేవేటే అని నోటికొచ్చినట్టు తిట్టేడు. మీరైనా సెప్పండి దానికి."

ఉదయ్ మజ్జిగ తాగలేకపోయాడు. ఝాన్సీ వాకిట్లోకొచ్చి నిలబడింది.

"ఝాన్సీ, ఆ కమాండు లేదు."

"అంటే?"

"యూనిక్సులో అలాంటిదే లేదు. ఆ రోజు నువ్వడిగితే నాకు తెలీదు. తెలీదనడానికి సిగ్గేసి ఉందన్నాను. మొన్న, నువ్వు రాని రోజు చెప్పానన్నాను చూడు, అదీ అబద్ధమే. ఏ రోజూ చెప్పలేదు."

"ఆఫీసులో అందరూ మీద పడిపోతే మీ పేరెత్తలేదు సార్ నేను," అంది ఝాన్సీ. "మీకు సెడ్డపేరొస్తాదని. తెలీకపోవడం తప్పేటి? తెలీదని ఒక్క మాటంటే నేనా ఫైళ్ళు ముట్టుకునేదాన్నే కాదు. పోనీ అదీ ఒగ్గేద్దాం. మొన్న నేనంత దూరం వచ్చి అడిగితే, తప్పు నా మీదకే తోసేసేరు కదా. ఇంట్లో తిట్లన్నీ నేను తిన్నాను."

ఆమె లోపలికెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మకి సగమే అర్థమైంది. అప్పుడే తండ్రి పెదబాబు బండి తోలుకొచ్చాడు. ఉదయ్ లేచి నిలబడి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, యూనిక్సులూ రూట్లూ ఏమీ లేకుండా: మీ అమ్మాయి శ్రద్ధగా నేర్చుకుంది, తప్పు నేర్పింది నేను.

పెదబాబు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని విన్నాడు. "మరైతే ఆ గుంటని నాను ఊరికే తిట్టేసేనేటి?" అన్నాడు. అంతే. ఉదయ్‌ని ఒక్క మాట అనలేదు. ఎడ్లు విప్పడానికి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఉదయ్‌కి.

ఝాన్సీని మళ్ళీ తీసుకోమని అడగడానికి ఆ వారమే సెలవు పెట్టి విశాఖ వెళ్ళాడు. ఆ ఆఫీసు మేనేజరు, రూపాదేవి అనే ఆవిడ, అతను చెప్పిందంతా ఫైలు పక్కన పెట్టి విన్నారు.

"టేపు చూసుకోకపోవడం మా తప్పు. చెప్పకుండా తుడిచెయ్యడం ఆ పిల్ల తప్పు. మీ తప్పేదో మీరే చెప్పుకున్నారు," అన్నారావిడ. "కానీ ఆ చోట్లోకి ఇంకొకర్ని తీసుకున్నాం. వాళ్ళని ఏమని పంపెయ్యమంటారు?"

బస్సులో తిరిగొస్తూ ఈ ప్రయాణం ఝాన్సీ కోసం చేశాడో, తన గుండె బరువు దించుకోవడానికి చేశాడో తేల్చుకోలేకపోయాడు. బరువు మాత్రం దిగలేదు.

మర్నాడు క్లాసులో జరిగింది చెప్పాడు. ఇద్దరు మానేశారు. "ఒప్పుకుని ఏటి సాధించేవు?" అని పరదేశిగారు విసుక్కున్నారు.

చెరుకు ఆట ముగిశాక ఒక పొద్దున ఝాన్సీ వచ్చింది. నమస్కారం పెట్టలేదు. తిన్నగా సర్వరు ముందు కూచుంది.

"నేను సేసి సూస్తాను. మీరేం సెప్పొద్దు."

ఉత్తి ఫైలొకటి తయారుచేసింది. తుడిచింది. తుడిచిన ఫైలు తెచ్చే డాస్ కమాండునే ఇక్కడా కొట్టింది. అలాంటిది లేదని తెర మీద వచ్చింది. ఇంకో రకంగా కొట్టింది. మళ్ళీ అదే. ఉదయ్ వెనకాల నిలబడి ఉన్నాడు. అది కళ్ళారా చూడ్డానికే ఆమె ఇంత దూరం వచ్చిందని అర్థమై అతని తల వంగిపోయింది.

ఝాన్సీ కుర్చీ వెనక్కి తిప్పింది. మొహంలో కోపం ఇంకా ఉంది.

"టేపు మీద కాపీ ఎలగ తియ్యాలి సార్? మీకు తెలుసా?"

"సగం తెలుసు."

"ఆ సగం సెప్పండి," అంది. "మిగతాది ఇద్దరం సదువుదాం."

ఉదయ్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూచున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకోలేదు ఆమె. ప్రతి మాటా ముందు మెషీను మీద కొట్టి చూసి, అది నిజమేనని తేలాకే రాసుకుంది. కొట్టి చూసిన ప్రతిసారీ అతనికి గుచ్చుకుంది. ఆగమని మాత్రం అనలేదు.