ఆల్వా మరిచిపోయిన తొట్టి

ఆల్వా ప్రూయిట్ శనివారం మధ్యాహ్నం రైలు దిగేసరికి టార్బెట్ స్టేషన్లో బ్యాండు వాయించారు. బ్యాండంటే మరీ ఊహించేసుకోకండి. రెండు బాకాలు, ఒక డోలు, చలికి వేళ్ళు కొంకర్లు పోయి సగం స్వరాలు మింగేసిన మంగలి హార్వే పిల్లనగ్రోవి, అంతే. అయినా మా ఊరి కుర్రాడు ఒమాహా పట్నం వెళ్ళి అంత పేరున్న ఆర్కిటెక్టయి, పుట్టిన ఊళ్ళో బాప్టిస్టు చర్చి కట్టించి, మర్నాడు ప్రతిష్ఠకని వస్తే ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

ఆల్వా లోలోపల ఉబ్బిపోయాడు. పైకి మాత్రం "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అంటూ టోపీ తీసి అందరికీ తల వంచాడు.

అతని పనితనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. కుర్రతనంలో, ఒళ్ళు దాచుకోకుండా, ప్రెస్బిటీరియన్లనే వేరే క్రైస్తవ శాఖవాళ్ళకు ఒక చర్చి గీశాడు. ముచ్చటైన చర్చి. అది చూసి పక్క ఊరివాళ్ళు వచ్చారు, వాళ్ళను చూసి ఇంకో ఊరివాళ్ళు. ప్రతివాళ్ళకీ కొత్తది గీసే ఓపికెక్కడిది? ఒక ఊరికి గోపురం పొడుగు చేశాడు, ఒక ఊరికి పొట్టి చేశాడు. ఇక్కడ ఎర్ర ఇటుక, అక్కడ పసుపు ఇటుక. లోపలంతా అదే ప్లాను కాగితం. ఏ ఊరివాళ్ళకు ఆ ఊరివాళ్ళే, ఇది మాకోసమే పుట్టిందని మురిసిపోయారు. నెబ్రాస్కాలో సగం ఊళ్ళలో దేవుడు ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాడని ఆయనకూ ఆల్వాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

టార్బెట్ సంఘంవాళ్ళకు కూడా ఆ నీలం ప్లాను కాగితాలే బల్లమీద పరిచాడు. వాళ్ళేమో మొక్కజొన్న, పందులు తెలిసిన మనుషులు. ఆ గీతల్లో ఒక్కటీ ఎక్కలేదు. "ఇదేమిటి బాబూ" అని అడగడానికి నామోషీ. గడ్డాలు నిమురుకుంటూ, "బాగుంది, బాగుంది, కిటికీలు బ్రహ్మాండం" అన్నారు. ఆ కాగితం తలకిందులుగా పట్టుకున్నవాడు కూడా అన్నాడు.

లవీనియా టిబ్బెట్స్ మాత్రం ఒక్క మాట అడిగింది. చిన్నప్పుడు ఆల్వాకి సండే స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. ఊళ్ళో అందరికీ అత్తే.

"అన్నీ వచ్చాయి కదా నాయనా?"

"అన్నీ వచ్చాయి అత్తా, నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నాడు ఆల్వా గడియారం చూసుకుంటూ.

ఇక రైలు దిగిన ఆ శనివారం లవీనియా, ఆమె మొగుడు గిడియన్ కలిసి అతన్ని కొత్త చర్చిలోకి తీసుకెళ్ళారు. గిడియన్ సంగతి ఊరందరికీ తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం పెళ్ళాన్ని బండిలో చర్చికి దించడం, తను బయట గుర్రాలతో కబుర్లు చెప్పుకోవడం. బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావయ్యా అని పాస్టర్లు మారినప్పుడల్లా అడిగితే, "నీళ్ళు వేడెక్కాక" అనేవాడు. మా బాప్టిస్టులకు నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లితే చాలదు, నిలువునా ముంచి లేపాలి. అది ఎల్క్ వాగులోనే జరిగేది. ఆ వాగు జూన్ నెలలో కూడా పళ్ళు కటకటలాడిస్తుంది. ఇప్పుడాయన ఛాతీ పాడైంది, దగ్గితే ఇల్లదిరిపోతుంది. కొత్త చర్చిలో కింద బొగ్గు పొయ్యి, లోపలే తొట్టి, వెచ్చని నీళ్ళు అని లవీనియా చెప్పేసరికి ముసలాయనకు ఇక సాకు లేకుండా పోయింది. "సరేలేవే, ప్రతిష్ఠ రోజునే ముంచెయ్యండి" అన్నాడు. లవీనియా ఆ రోజు వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చిందట. జన్మంతా ఆమె ప్రార్థన అదొక్కటే మరి.

గిడియన్ వేదిక దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఏరా అబ్బాయ్, నన్ను ఎక్కడ ముంచుతారో చూపించు. లోతెంతో చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది."

ఆల్వా నవ్వుతూ ఇటు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు.

తొట్టి లేదు. ప్రెస్బిటీరియన్లు చుక్కలు చల్లుకునేవాళ్ళు, వాళ్ళ కాగితంలో తొట్టెందుకుంటుంది? ఒమాహాలో కాంట్రాక్టులిచ్చే పెద్దమనుషులందరూ ప్రెస్బిటీరియన్ బెంచీల మీద కూర్చుంటారని తనూ ఎప్పుడో అక్కడికే మారిపోయాడు. కానీ, ఛీ, ఎల్క్ వాగులో మునిగి లేచినవాడే కదా తను! ఒడ్డున ఇదే లవీనియా దుప్పటి పట్టుకుని నిలబడితే, వణుకుతూ వెళ్ళి అందులో దూరినవాడే కదా! ఇంకెవరు మరిచిపోయినా సర్దుకోవచ్చు, తను ఎలా మరిచిపోయాడు?

లవీనియా అతనికేసే చూస్తోంది, పండక్కి కొత్త గౌను తొడుక్కున్న పిల్లలా.

"వేదిక కిందే ఉంది మామా," అనేశాడు ఆల్వా. "పలకలెత్తితే తొట్టి. ఇప్పుడెందుకులే, దుమ్ము రేగుతుంది."

నోట్లోంచి అంత నున్నగా ఎలా వచ్చిందో అతనికే తెలియదు. పాస్టరు ఓర్కట్ గారి చెవిన వేసి ఏదో ఒక వంకతో వచ్చే నెలకు జరుపుదామనుకున్నాడు. పాస్టరుగారేమో పక్క ఊళ్ళో పెళ్ళికెళ్ళి మర్నాడు పొద్దున గానీ రానన్నాడట.

ఆదివారం పొద్దున చర్చి ముందు ఎటు చూసినా బండ్లే. ఊళ్ళో ఆడవాళ్ళంతా పాల క్యాన్లలో వేడినీళ్ళు పోసుకుని, చల్లారకుండా దుప్పట్లు చుట్టి తెచ్చేశారు. పంపు నీళ్ళు చల్లగా ఉంటాయి, గిడియన్ ఛాతీకి పడదని లవీనియా ఒక్క మాట అన్నదట, అంతే, పొయ్యి వెలగని ఇల్లు లేదు. క్యాన్ల మూతల సందుల్లోంచి పొగలు.

"ఆల్వా నాయనా, రా రా," అంది లవీనియా, మోచేతులదాకా ఎర్రబడిన చేతులు తుడుచుకుంటూ. "పలకలు ఎత్తించు, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

అప్పుడైనా చెప్పొచ్చు కదా! చెప్పలేదు. అంతలో గిడియనే గడ్డపలుగు పుచ్చుకుని వేదికెక్కాడు, ఇద్దరు డీకన్లు, సంఘం పెద్దలు, సాయం పట్టారు. మేకులు కీచుమని ఊడాయి. మూడో పలక లేచేసరికి కింద లావుపాటి రేకుగొట్టం కనబడింది, పొయ్యి వేడిని పైకి తెచ్చేది. ఇంకో పలక ఎత్తారు. గొట్టమే. అందరూ వంగి చూశారు. తర్వాత ఒక్కొక్కరే నిటారుగా లేచి ఆల్వాకేసి తిరిగారు.

"లేదు," అన్నాడు ఆల్వా. "నేను మరిచిపోయాను. నిన్న అబద్ధం చెప్పాను."

తిట్టి ఉంటే బతికిపోయేవాడు. మా ఊరివాళ్ళు తిట్టరు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఒకావిడ, పాపం, రైల్లో అలిసిపోయి ఉంటాడు అంది. పాస్టరుగారు కోటు గుండీలు పెట్టుకుని, పెట్టుకున్నవి విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. లవీనియా వేదిక మెట్టుమీద కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఆమె ముఖం చూడలేక ఆల్వా ఆ గొట్టంకేసే చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది అతనికి.

గిడియన్ గడ్డపలుగు కింద పెట్టి దగ్గాడు. దగ్గు తెమిలాక అన్నాడు:

"నీళ్ళయితే వేడెక్కాయిగా. ఇంక నేను తప్పించుకుంటే ఇది నన్ను ఇంటికి రానివ్వదు. మా కొట్టంలో గొడ్లకు కొత్తగా కొన్న ఇనుప తొట్టి ఉంది, ఒక్క ఆవు కూడా మూతి పెట్టలేదు. పట్టుకురండ్రా."

తెచ్చారు. తలుపుల్లోంచి అడ్డంగా పట్టక, చివరికి బొగ్గు దించే వాకిట్లోంచి నేలమాళిగలోకి జార్చి, పొయ్యి పక్కన పెట్టారు. క్యాన్లు వంచారు. ఊరంతా బొగ్గు కుప్పల మధ్య, పండగ బట్టల్లో, భుజాలు రాసుకుంటూ నిలబడి పాటలు పాడింది. గిడియన్ మునిగి, లేచి, గడ్డం పిండుకుంటూ, "వేడిగానే ఉందే" అన్నాడు పెళ్ళాంతో. లవీనియా నవ్వుతూ ఏడుస్తూ దుప్పటి కప్పింది. ఆల్వా మెట్లమీద, అందరి వెనక, గోడకు అతుక్కుపోయి చూశాడు. దగ్గరికెళ్ళే ముఖం లేదు.

మధ్యాహ్నం బండికి మెల్విన్ ఊరి బాప్టిస్టులు దిగారు. వాళ్ళూ చర్చి కట్టించుకోవాలట, చూసి పోదామని. వాళ్ళ పెద్ద సైలస్ గ్రబ్ అని, ఉత్తి అనుమానం మనిషి, ప్రతి గోడనూ వేలితో కొట్టి చూశాడు. విందులో కోడి పులుసూ గుమ్మడికాయ తీపి రొట్టెలూ అయ్యాక నేలమాళిగలోకి దిగాడు. దిగగానే తొట్టి కనబడింది.

"ఇదేమిటండీ, గొడ్ల తొట్టిలా ఉందే?"

ఆల్వా నోరు తెరిచాడు. అంతకంటే ముందు లవీనియా మాట్లాడింది.

"మా అబ్బాయి ఆలోచనండీ అది. పైన పెడితే నీళ్ళు చల్లబడిపోతాయి, ముసలీముతకా వణికిపోతారు, పొయ్యి పక్కనైతే వెచ్చగా ఉంటుందని కిందే పెట్టాడు. మంచి తొట్టి తర్వాత కట్టిస్తారు. మా ఆయన పొద్దున్నే దీంట్లో మునిగాడు, చూడండి, తుమ్మయినా తుమ్మలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా కాదనలేదు. "అవునవును, మా ఆల్వా ముందుచూపే ముందుచూపు" అన్నాడు బాకావాడు. ఆల్వా లవీనియాకేసి చూశాడు. మిఠాయి దొంగిలించి కూడా కాదన్నందుకు, చిన్నప్పుడు తనను అబద్ధమాడకూడదని మూల నిలబెట్టిన మనిషి ఈమె. ఇప్పుడు కంటిరెప్ప ఆర్పకుండా ఆడేసింది. తనకోసం. చెప్పెయ్యాలి, కాదని చెప్పెయ్యాలి అనుకుంటూనే ఉన్నాడు.

"భేష్!" అన్నాడు సైలస్ గ్రబ్. "మాకూ అచ్చం ఇలాగే, పొయ్యి పక్కనే పెట్టించండి."

"అలాగేనండీ," అన్నాడు ఆల్వా.

అతనికి అసలైన కీర్తి అక్కడి నుంచే మొదలైంది. మెల్విన్ చూసి ఇంకో ఊరు, అది చూసి కాన్సస్, అయోవా. పొయ్యి పక్కన వెచ్చని తొట్టి అంటే ప్రూయిట్ తొట్టే. ఎవరో పత్రికవాళ్ళు ఫొటోలు వేసి, మైదానాల చలి తెలిసిన ఆర్కిటెక్ట్ అని రాశారు. విందుల్లో లేచి నిలబడమనేవారు. లేచేవాడు. చప్పట్లు మోగుతున్నంతసేపూ చెవులు కాలిపోయేవి. టార్బెట్ మీదుగా రైలు వెళ్తుంటే కిటికీ పరదా దించేసేవాడు. లవీనియా పోయిందని తెలిసినప్పుడు కూడా పనుందని చెప్పి పువ్వులు పంపించి ఊరుకున్నాడు. ఎంత పిరికి మనిషి, చూడండి!

చివరికి, జుట్టు నెరిశాక, ఒక శనివారం దిగాడు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి బ్యాండు లేదు. తిన్నగా చర్చికెళ్ళి నేలమాళిగ మెట్లు దిగాడు. తొట్టి అక్కడే ఉంది, గొడ్లదే. మంచిది కట్టిస్తామన్నది ఎవరూ కట్టించలేదు. దాని మీద గోడకు ఇత్తడి పలక ఒకటి ఉంది. దాని ముందు గిడియన్, ముక్కాలిపీట మీద కూర్చుని, గుడ్డపెట్టి తోముతున్నాడు.

"ఛాతీ పాడైందని నేనే ముందు పోతాననుకున్నారు అందరూ, పోయింది మా ఆవిడ," అన్నాడు గిడియన్ తల తిప్పకుండానే. "రా, కూర్చో."

ఆల్వా కూర్చోలేదు. పలక చదివాడు. సంఘంలో ఎవరూ చలికి వణకకూడదని తలచి ఈ తొట్టిని ఇక్కడ అమర్చినవాడు మన ఆల్వా ప్రూయిట్ అనీ, కింద స్త్రీల సంఘం అనీ ఉంది.

"ఇది ఎవరు పెట్టించారు మామా?"

"ఇంకెవరు, మా ఆవిడే. కోళ్ళు ఆదివారం పెట్టిన గుడ్లన్నీ అమ్మి దీనికే పోసింది. చాన్నాళ్ళు నాకు ఆమ్లెట్ లేదు."

ఆల్వా జేబులోంచి చాకు తీశాడు. "దీన్ని ఊడదీసేస్తాను. రేపు పొద్దున ఆరాధనలో లేచి, నిజం ఏమిటో అందరిముందూ చెప్పేస్తాను. నావల్ల కావడం లేదు మామా, ఇంక నావల్ల కాదు."

గిడియన్ అప్పుడు తిరిగాడు. కోపం లేదు, అలసటే ఉంది.

"చెప్పడానికి నీకో రోజు ఉండింది. మా ఆవిడ నోరు తెరవకముందు. ఆ పొద్దున చూసినవాళ్ళు చాలావరకు పోయారు. ఇప్పుడు నువ్వు చెప్తే ఏమవుతుంది? నీ మనసు తేలికపడుతుంది, అది అబద్ధాలకోరు అవుతుంది. అది బతుకులో ఆడింది ఒకే ఒక్క అబద్ధం రా. తిరిగొచ్చి సమాధానం చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు లేదు. చాకు మూసెయ్."

ఆల్వా చాకు మూశాడు.

"శనివారం శనివారం తోముతాను," అన్నాడు గిడియన్, మళ్ళీ గుడ్డ తీసుకుని. "నల్లబడితే మా ఆవిడకి నచ్చదు."

ఆయనకు దగ్గు మొదలైంది. గుడ్డ కింద పడింది. ఆల్వా వంగి దాన్ని తీశాడు, తిరిగి ఇవ్వబోయి, ఇవ్వలేదు. తన పేరున్న చోట తోమడం మొదలుపెట్టాడు.

"మూలలు కూడా," అన్నాడు గిడియన్.