గుమ్మడికాయ బీరూ, మూడు వేళ్ల మడతా

గౌలిపురలో పాలక్యాన్ల చప్పుడు సద్దుమణిగే వేళకు ఆండాలు తన ముందుగది తలుపు తీసి, ఇస్త్రీపెట్టె వేడికి పెట్టి, మిషను ముందు కూర్చుంటుంది. ఆమె షర్టులు కుట్టదు, జాకెట్లు కుట్టదు. ప్యాంట్ల కింది అంచు మాత్రమే మడిచి కుడుతుంది. అంత చిన్న పనితో బతుకు ఎట్లా గడుస్తుందని అడిగినవాళ్లు ఉన్నారు. ఆమె కుట్టింది ఒకసారి వేసుకున్నాక మళ్లీ అడగలేదు.

ప్యాంటు తెచ్చిన మనిషి బూట్లు తొడుక్కొని రావాలి. చెప్పులతో వస్తే ఎంతటివాడినైనా వెనక్కి పంపుతుంది. నిటారుగా నిలబడి ఎదురుగోడ మీది క్యాలెండరు చూడాలి. కిందికి చూశాడా, నడుము వంగి కొలత తప్పుతుంది. ముందుకన్నా వెనక అరవేలు పొడుగు ఉంచి సుద్దతో గీస్తుంది. కొత్త బట్టను తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయనిదే కత్తెర ముట్టదు. లోపలికి మూడు వేళ్ల మడత పెట్టి, ముందు కచ్చాకుట్టు వేసుకుని, ఆ తర్వాత చేత్తో తుర్పాయి చేస్తుంది. సూదిమొనతో పైబట్టలోంచి ఒక్క పోగునే ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి బయటికి చుక్క కూడా కనబడదు. ఒక్కో కాలికి గంట పడుతుంది. తొందరుంటే వేరే దర్జీని చూసుకోవచ్చు.

ఆండాలు అంచు కుట్టిన ప్యాంటు వేసుకున్నవాడు ఎంత తాగినా ఇంటికి చేరతాడు. తల పనిచేయకపోయినా కాళ్లు పనిచేస్తాయి. అందుకే ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు మొగుళ్ల కొత్త ప్యాంట్లను కవరు కూడా విప్పకుండా ఆమె దగ్గరికే తెస్తారు. శాలిబండ నుంచి ఖైసర్ బేగం కూడా తెస్తుంది. ఆమె భర్త కమాలుద్దీన్ జన్మలో చుక్క ముట్టినవాడు కాదు, కానీ రెండేళ్లుగా మతిమరుపు. చార్మినార్ దగ్గర తన అత్తరు కొట్లో కూర్చుని తన పేరే మర్చిపోతాడు. అయినా పొద్దుగూకి మగ్‌రిబ్ అజాన్ వినబడేసరికి తన గడప లోపల ఉంటాడు.

కుట్టు మాత్రం లోపం లేకుండా ఉండాలి. ఒకసారి పండగ రద్దీలో ఆండాలు మిషను మీద బరబరా లాగించి ఇచ్చేసింది, ఆ మనిషి మర్నాడు నాంపల్లి స్టేషన్లో బెంచీ మీద దొరికాడు. దారం తెంపితే కాళ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఇంకో మాట, కాళ్లు దేన్ని ఇల్లనుకుంటాయో అక్కడికే పోతాయి. గల్లీ చివరి రశ్మి మొగుడు పదిహేను రోజులు వరసగా తన అక్క ఇంటికి పోయి పడుకున్నాడు. రశ్మి వచ్చి నానా లొల్లి చేసింది.

"నేను అంచు కుడత రశ్మీ, దారి కుట్ట" అంది ఆండాలు.

అంత పేరున్న చేయి, తన ఇంటి పైగదిలో కిరాయికున్న నందు ప్యాంటు మాత్రం మూడేళ్లుగా ముట్టలేదు. అతను అడగకపోవడం వల్ల కాదు. ఆమెకు భయం.

సంబంధాలు వచ్చిన కాలంలో తండ్రి మొగులయ్య మంచాన పడ్డాడు. ఆయన పోయేనాటికి సంబంధాలు రావడం మానేశాయి. ఇప్పుడు ఆండాలుకు ముప్పై ఆరు. ఇంట్లో మగదిక్కు లేకపోతే వచ్చే చిక్కుల్లో గుమ్మడికాయ ఒకటి. నిండు గుమ్మడికాయ మీద మొదటి వేటు ఆడది వేయకూడదంటారు. నందు దిగిన మొదటి వారంలో ఆమె ఒక కాయ చేత్తో పట్టుకుని మెట్ల కింద నిలబడి, "ఒక్క దెబ్బ కొట్టిపోవా?" అని అడిగింది. అతను కొట్టి, రెండు చెక్కలూ వాసన చూసి, "దీంతోటే మేము బీరు చేస్తం" అన్నాడు. ఆమె నవ్వింది, అతను అబద్ధం చెబుతున్నాడనుకుంది.

అబద్ధం కాదు. హైటెక్ సిటీ దిక్కున బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక పెద్ద హోటల్లో అతని పని. ఏవో చలిదేశాల్లో ఆకులు రాలే కాలంలో గుమ్మడికాయ బీరు తాగుతారట. హైదరాబాదులో ఆకులు రాలకపోయినా అక్టోబరు వస్తే ఇక్కడా తాగాలట. ప్రతి ఏడూ అమ్మకానికి పెట్టేముందు నందు నాలుగు సీసాల్లో నాలుగు రకాలు పట్టుకుని కిందికి దిగేవాడు. ఆండాలు చిన్న స్టీలు గ్లాసులో వేలెడు పోసుకుని నాలుక మీద నిలిపేది. మొదటి ఏడు, "గుమ్మడికాయ యాడుంది నందూ? గిది చల్లారిన మసాలా చాయ్" అంది. రెండో ఏడు, కాయను ఉడకబెట్టొద్దు, తొక్కతోనే బొగ్గుల మీద కాల్చమంది. అట్లా చేస్తే పెట్టిన వారంలో పీపాలన్నీ అయిపోయాయట. అతను ఆ మాట చెప్పడానికి మెట్లన్నీ దిగకుండానే పైనుంచి అరిచాడు. ఆండాలుకు అతనంటే అప్పటికే ప్రాణం.

నందుకు ధూల్‌పేట్‌లో భార్య ఉంది, రూప. ఏడేళ్ల కూతురు ఉంది, స్వీటీ. మామగారు విగ్రహాలు చేసే షెడ్డు పక్కనే కాపురం. ఇల్లరికపు అల్లుడని ఒకనాడు నలుగురిలో మాట పడ్డాడు, ఆ మాటకు రూప అడ్డుపడలేదు. కోపంతో బయటికి వచ్చి మూడేళ్లు ఆ గడప తొక్కలేదు.

ఈ ఏడు దసరా సెలవులు అయిపోయిన వారంలో అతను మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"సోమవారం కోర్టుల విడాకుల సంతకం పెడుతున్న. రూప కూడ ఒప్పుకున్నది. గది అయినంక నిన్ను చేసుకుంట ఆండాలూ. ఏమంటవ్?"

ఊ అనడానికి ఆమెకు నోరు ఎంత ఆరాటపడిందో ఆమెకే తెలుసు. కానీ వచ్చిన మాట వేరు.

"నీ ప్యాంటొకటి తే. కుడత."

నందు నవ్వేశాడు. "టెస్టు పెడుతున్నవా?"

"అవ్."

"నాకేం ఫికర్ లేదు. నా ఇల్లు గిదే."

పాలు పోయడానికి వచ్చిన ఆగమ్మ ఆ మాట గడపలోనే విన్నది. అతను పైకి వెళ్లాక ఆమె ఆండాలు గిన్నెలో పాలు వంపుతూ గొంతు తగ్గించింది.

"కుట్టకు బిడ్డా. మంచిగ మాట్లాడుతున్నడు, చేసుకుంటనంటున్నడు. గంతకన్నా ఎక్కువ తెలుసుకుని ఏం చేస్తవ్?"

"తెల్వకుంటె నిద్ర పట్టదు పెద్దమ్మా."

"తెలిస్తే పడ్తదా?"

ఆండాలు పాలగిన్నె లోపల పెట్టి వచ్చింది.

శనివారం నందు బూట్లు తొడుక్కుని నిలబడ్డాడు. క్యాలెండరు చూడమంటే మోకాళ్ల మీద కూర్చున్న ఆమెనే చూశాడు. "ముందుకు చూడు నందూ, కిందికి కాదు" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు చెరిపి గీసింది. అంతసేపూ ఆమె చెవులు కాలుతూనే ఉన్నాయి.

అతను పనికి పోయాక ప్యాంటును మిషను కింద పెట్టింది. కుట్టు పొడుగ్గా వచ్చేటట్టు చక్రం తిప్పుకుంది. రెండు నిమిషాలు బరబరా లాగిస్తే చాలు, ఆ అంచుకు ఏ మహిమా ఉండదు, రేపు అతను ఎంత తాగినా కూర్చున్న చోటే కూర్చుంటాడు. ఎవరికి తెలుస్తుంది? జానెడు కుట్టింది కూడా. ఎత్తి చూసింది. వంకరగా, ముడతలు పడి, ఎవరో పగబట్టి కుట్టినట్టుంది. అది వేసుకుని తను ప్రేమించిన మనిషి వీధిలో నడవడమా? ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కూర్చుని ఆ కుట్టంతా విప్పి, రంధ్రాలు పూడేదాకా ఇస్త్రీ చేసి, సూది తీసుకుంది. ఆ రోజు ఒక్కో కాలికి రెండు గంటలు పట్టింది. పూర్తయ్యాక కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంటే తన కుట్టు తనకే కనబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నందు ఆ ప్యాంటు వేసుకుని, నాలుగు సీసాలతో దిగాడు. మొదటిది లవంగం ఎక్కువై నాలుక మొద్దుబారింది. రెండోది పలుచన. ఆమె వేలెడు రుచి చూస్తే అతను సీసాలో మిగిలిందంతా తాగాడు. మూడో సీసా తెరిస్తే కాల్చిన గుమ్మడికాయ వాసన గదంతా నిండింది. కొద్దిగా బెల్లం, చివర్లో చిరుచేదు.

"గిదే పెట్టు" అంది ఆండాలు. "గిది తాగితే కడుపు నిండినట్టుంది."

మూడో సీసా కూడా అయిపోయింది. నందు కళ్లు ఎర్రబడ్డాయి, మాట ముద్దగా వస్తోంది, అయినా గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని నిమ్మళంగా కూర్చున్నాడు. ఆండాలు ఆ కాళ్లనే చూస్తోంది. అవి కదలడం లేదు. రశ్మి మొగుడివి రెండు సీసాలకే లేచాయట. ఆమె గుండెలో సంతోషం మెల్లగా పొంగడం మొదలుపెట్టింది. పెళ్లయ్యాక పైగది ఎవరికైనా కిరాయికియ్యాలా, తామే ఉంచుకోవాలా అని కూడా ఆలోచించింది.

నాలుగో సీసా సగంలో అతని కుడికాలు ముడుచుకుంది. తర్వాత ఎడమది.

"ఆండాలూ, నేను లేస్తలేను. కాళ్లు లేస్తున్నయ్" అన్నాడు నందు. లేచి నిలబడ్డాడు. తలుపు పట్టుకున్నాడు, చేయి జారింది. "కత్తెర తే! జల్ది!"

ఆమె కత్తెర అందుకుని వెంట పరుగెత్తింది.

శాలిబండ దాటారు. ఆదివారం సాయంత్రం జనం, ఆటోలు, బండ్లు. నందు ఒళ్లు వెనక్కి వాలుతుంటే కాళ్లు ముందుకు లాగుతున్నాయి. కొట్ల ముందు కూర్చున్నవాళ్లు ఒక్క చూపు చూసి, ఎవరినో ఇంటికి చేరుస్తున్నారని జరిగి దారిచ్చారు.

"తెంపు ఆండాలూ. నా బతుకు సంగతి నేను చెప్తున్న గదా, కాళ్లకేం తెల్సు?"

"తెంపుత. గా మూల దాటినంక తెంపుత."

మూల దాటింది. చార్మినార్ దాటింది. చూడీబజారులో గాజుల కొట్ల వెలుగు ఇద్దరి మీదా పడింది. మూడేళ్లలో వాళ్లిద్దరూ కలిసి వీధిలో నడవడం అదే మొదలు. ప్రతి మలుపులో తెంపుతాననే అంది, తెంపలేదు. తెంపితే నడక ఆగిపోతుంది. ఇంకొంచెం దూరం పక్కన నడవాలని ఉంది, అతను తన పేరు పిలుస్తుంటే వినాలని ఉంది.

పురానాపూల్ వంతెన మీదికి వచ్చాక ఆమె అడ్డంగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని అతని కాలు పట్టుకుంది. అంచు లోపలికి వేలు పోనిచ్చి దారం వెతికి, కత్తెర నోరు తెరిచి దాని కింద పెట్టింది. నొక్కితే చాలు.

"నందూ, ఒకటి చెప్పు. ఏడికి పోతున్నవో ఎరుకనా?"

"పోతలేను. గుంజుకపోతున్నయ్" అన్నాడు. తర్వాత, ఆమెతో కాకుండా తనలో తను అనుకున్నట్టు, "రేపు స్వీటీకి బడి. రూపకు జడలు గట్టిగ వేయొస్తదా, బడికి పోయేలోపల ఊడిపోతయ్. నేనే వేస్తుంటి. రెండు జడలు, నీలం రిబ్బన్లు" అన్నాడు.

తను ఏమన్నాడో అతను గమనించలేదు. మళ్లీ "తెంపు" అన్నాడు.

ఆండాలు కత్తెర మూసి నడుములో దోపుకుంది. లేచి పక్కకు జరిగింది. "నడువ్" అంది.

ధూల్‌పేట్‌లో ఇంకా కొంచెం వెలుతురు మిగిలి ఉంది. అమ్మవారి విగ్రహాలన్నీ దసరాకే మండపాలకు పోయి షెడ్డు ఖాళీగా ఉంది. పక్క ఇంటి గడప ముందుకు రాగానే నందు కాళ్లు వాటంతట అవే ఆగాయి. "బాపూ!" అంటూ ఒక పిల్ల దూసుకొచ్చి అతని మోకాళ్లు కరుచుకుంది. ఒక జడ సగం ఊడి భుజం మీద పడి ఉంది. నందు చేయి ఆ జుట్టు మీదికి పోయింది. అతను భోరున ఏడ్చాడు.

రూప తలుపు దగ్గర నిలబడిపోయింది.

"మూడేండ్లల్ల ఒక్కనాడన్న రాలే. రేపు సంతకం పెట్టుకుని, ఇయ్యాల ఏం మొఖం పెట్టుకుని వచ్చినవ్?" అంది. గొంతు మాత్రం ఆ మాటలంత గట్టిగా లేదు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి జరిగి, లోపలికి దారి వదిలింది.

అప్పుడు ఆమె కళ్లు అతని వెనక నిలబడ్డ మనిషి మీదా, నడుములోని కత్తెర మీదా పడ్డాయి.

"నువ్వెవరక్కా?"

"దర్జీదాన్ని" అంది ఆండాలు. "గీ ప్యాంటు నేనే కుట్టిన. పొడుగు సరిపోయిందో లేదో చూద్దామని ఎంబడి వచ్చిన."

రూప కిందికి చూసింది. బూటు మీద ముడత పడకుండా, మడమ దగ్గర నేలకు తగలకుండా అంచు నిలిచి ఉంది.

"మంచిగ సరిపోయిందక్కా" అంది రూప.

"అవ్" అని ఆండాలు వెనక్కి తిరిగింది. పురానాపూల్ మీదికి వచ్చేదాకా ఏడవలేదు.