ముందే డబ్బడిగే లాయరమ్మ

వర్లీన్ మేబ్రీ చెక్క సుత్తితో స్కూలు బస్సు టైర్లను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళ్తోంది. గాలి నిండుగా ఉన్న టైరు ఠంగుమంటుంది. తగ్గిన టైరు మొద్దుగా మూలుగుతుంది. వెనక జంట టైర్ల దగ్గర వంగేసరికి ఆమె మోకాలు కటుక్కుమంది. దానికి గాలి కొట్టే ఏర్పాటు మెంఫిస్ నగరం మొత్తంలో ఎక్కడా లేదు.

పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుంటే గానీ స్టీరింగు పైనుంచి రోడ్డు కనపడదు. తల నెరిసింది, దగ్గరగా కత్తిరించుకుంది. ఎడమ మోచెయ్యి కుడిదానికంటే ఒక ఛాయ ముదురు. అది కిటికీ వైపు చెయ్యి. ఇన్నేళ్ళ ఎండంతా దానికొక్కదానికే తగిలింది.

పొద్దున ఇంటి నుంచి బస్సు యార్డుకి నడిచే వచ్చింది. అంతకుముందు చర్చి వెనక్కి వెళ్ళి, టార్పాలిన్ కొస ఎత్తి, కారు ఉందో లేదో చూసుకుంది. ఉంది. వాయిదాలు ఆగిపోయాక అప్పిచ్చిన కంపెనీ వాళ్ళు కారును ఈడ్చుకుపోయే లాగుడు బండిని పంపుతున్నారు. అందుకని కారును అక్కడ దాచింది. యార్డు ఇంటికి ఒకవైపు, చర్చి ఇంకోవైపు. కారుండీ పనికి నడిచే మనిషి ఇప్పుడు ఆ కారును చూసి రావడానికే రోజూ ఇంకాస్త నడుస్తోంది. అదేదో తేడాగా ఉందని ఆమెకి ఇంకా తట్టలేదు.

పొద్దుటి ట్రిప్పు అయ్యాక డ్రైవర్లంతా కాఫీ గదిలో కూలబడ్డారు. మళ్ళీ బడి వదిలేదాకా వాళ్ళకి పనిలేదు. పెద్దాయన టాలివర్ కాఫీలో పంచదార కలుపుకుంటూ అడిగాడు. "ఏం వర్లీన్, ఈసారి కూడా ఐపీ లాయరు హార్గిస్ దగ్గరేనా?"

"ఇంకెవరున్నారు? ఊరంతా ఆయన దగ్గరకేగా!"

"ఆయన మొహం ఎప్పుడైనా చూశావా?"

"రోజూ చూస్తా. ఫ్లైఓవర్ పక్క హోర్డింగులో. పళ్ళు బాగుంటాయి."

అంతా నవ్వారు. టాలివర్ నవ్వలేదు. "లమార్ రోడ్డులో, విగ్గుల షాపు పక్కన, ఐడా క్రెన్‌షా అని ఒకావిడ ఉంది. నా ఐపీ ఆవిడే పెట్టింది. ఫీజు ముందే తీసుకుంటుంది."

ఈ మాటకి గది దద్దరిల్లింది. "డబ్బే ఉంటే ఐపీ ఎందుకు పెడతాం మిస్టర్ టాలివర్?" అని ఎవరో అరిచారు.

"తిడుతుంది కూడా," అన్నాడాయన, తన ధోరణిలో.

"డబ్బిచ్చి మరీ తిట్లు తినాలా!" అంది వర్లీన్. "మా ఆయన ఊరికే తిట్టేవాడు."

"నవ్వుకో. నేను ఒక్కసారే పెట్టా. నువ్వు?"

వర్లీన్ కప్పులోకి చూసుకుంది. ఇది మూడోసారి.

ఆ ఊళ్ళో లెక్కే అంత. ముందు పైసా అడగని లాయరే మంచి లాయరు. దివాలా పిటిషన్ ఇవాళే పడుతుంది, కారు జప్తు ఇవాళే ఆగుతుంది. లాయరు ఫీజు, కారు బాకీ, ఆసుపత్రి బాకీ అన్నీ కలిపి ఏళ్ళ తరబడి జీతంలోంచి పోతుంటాయి. మధ్యలో ఒక పన్ను నొప్పో, జీతం రాని వేసవి సెలవులో వస్తాయి. వాయిదా తప్పుతుంది. కోర్టు కేసు కొట్టేస్తుంది. బాకీలన్నీ మళ్ళీ గుమ్మంలోకి వస్తాయి. అప్పుడు జలుబు చేస్తే మందుల షాపుకి వెళ్ళినంత మామూలుగా మళ్ళీ అదే లాయరు దగ్గరకి వెళ్తారు.

హార్గిస్ ఆఫీసులో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కౌంటరులో అమ్మాయి గోళ్ళు ఊదారంగులో మెరుస్తున్నాయి. "మళ్ళీ వచ్చారా మిస్ మేబ్రీ! మీ వివరాలన్నీ ఉన్నాయండీ. ఇక్కడ ఒక్క సంతకం చాలు."

"లాయరుగారితో ఒక్క మాట మాట్లాడొచ్చా తల్లీ?"

"కోర్టులో కలుస్తారండీ."

"పోయినసారి కోర్టుకి ఎవరో కుర్రలాయరు వచ్చాడే?"

"అతను మానేశాడండీ."

వర్లీన్ పెన్ను అందుకుంది. "కారు నిలుస్తుందిగా?"

"ఇవాళే ఆపేస్తాం!"

"పోయినసారీ ఇదే అన్నావు కదమ్మా."

"అవునండీ," అంది ఆ అమ్మాయి, ఏమాత్రం తడుముకోకుండా. "పోయినసారి కూడా ఆపాం కదా?"

ఆ పిల్ల అబద్ధమాడలేదు. అదే వర్లీన్‌కి ఎక్కడో గుచ్చుకుంది. మొహం మీద కాదనడం ఆమెకి చేతకాదు. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పి బయటకి నడిచింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆ అమ్మాయి సరేనని తల ఊపింది.

లమార్ రోడ్డులో విగ్గుల షాపు అద్దాల వెనక బొమ్మ తలకాయలన్నీ వర్లీన్ వైపే చూశాయి. పక్క తలుపు తోసింది. సన్నగా, పొడుగ్గా, తెల్లజుట్టు ముసలావిడ బల్ల దగ్గర కూర్చుని బొలోనీ మాంసం శాండ్‌విచ్ తింటోంది. ఆవిడే లాయరని తెలియడానికి వర్లీన్‌కి కొంతసేపు పట్టింది. గదిలో ఇంకెవరూ లేరు మరి.

"కూర్చో. డబ్బు తెచ్చావా?"

"లేదమ్మా."

"మంచిది. ఇవాళ మాటలే. మాటలకి నేను తీసుకోను. ఏం కావాలి నీకు?"

"కారు నిలవాలి."

"ఎందుకు?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. "కారు కదమ్మా!"

"సరే, కారే. పనికెలా వెళ్తావు?"

"నడిచి. స్కూలు బస్సు నడుపుతా, యార్డు దగ్గరే."

"చర్చికి?"

"నడిచే. కారు దాచింది చర్చి వెనకేగా."

"సరుకులకి?"

"మా చెల్లెలు వస్తుంది, ఆదివారాలు."

క్రెన్‌షా మూతికంటిన ఆవముద్ద తుడుచుకుంది. "మరి ఆ కారెక్కి ఎక్కడికి వెళ్తావే తల్లీ?"

"డయాలసిస్‌కి," అంది వర్లీన్. ఆలోచించకుండానే వచ్చేసింది మాట.

"నీకా?"

"మా ఆయనకి. హోసియాకి. వారానికి మూడుసార్లు. బస్సులో ఆయన కూర్చోలేడు. అందుకే కొన్నాం."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

గదిలో ఫ్యాను కటకటమంటోంది. వర్లీన్ ఆ ఫ్యాను వంకే చూస్తూ చెప్పింది. "పోయాడమ్మా. మొన్న ఏప్రిల్‌కి ఏడాది నిండింది."

ముసలావిడ అయ్యోపాపం అనలేదు. సగం శాండ్‌విచ్‌ను కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. "బస్సు నడిపే మెదడు బస్సులోనే వదిలేసి ఇంటికి పోతావా నువ్వు? తీసుకెళ్ళాల్సిన మనిషి లేడు. బండి టార్పాలిన్ కింద ఉంది. దానికోసం ఇంకో అయిదేళ్ళు జీతం కోయించుకుంటావా?"

టాలివర్ చెప్పింది నిజమే, తిడుతుంది. విచిత్రంగా వర్లీన్ భుజాలు కిందికి దిగాయి. ఇంతకాలం అవి చెవుల దాకా లేచి ఉన్నాయన్న సంగతే ఆమెకి తెలియదు.

"మరి ఏం చెయ్యమంటారు?"

"వాళ్ళకి నువ్వే ఫోను చేసి వచ్చి పట్టుకుపొమ్మను. వేలంలో అమ్ముకుని, ఇంకా ఇంత మిగిలిందని ఉత్తరాలు పంపుతారు. నవ్వుకుని నాకు పంపు. కారు వాయిదాకి కట్టాల్సిన డబ్బు కొన్ని నెలలు నాకు కట్టు. అది నా ఫీజు. ఫీజు పూర్తయ్యాక పిటిషన్ వేస్తా, ఆసుపత్రి బాకీ, ఈ కారు బాకీ కలిపి. జడ్జి సంతకం పడిందంటే ఇంకెవరికీ కట్టక్కర్లేదు. నాక్కూడా."

"ఎప్పటికీ?"

"మళ్ళీ కారు కొంటే తప్ప."

వర్లీన్ నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదింది. "నా పని మీ దగ్గరేనమ్మా."

"ఆలోచించుకుని చెప్పు. ఇంకో ఇద్దరిని అడిగి రా."

"వద్దమ్మా. మీరొక్కరే 'ఎందుకు' అని అడిగారు."

సాయంత్రం ట్రిప్పులో, ముందు సీటులో కూర్చునే రెండో తరగతి పిల్ల ముక్కు చిట్లించింది. "మిస్ వర్లీన్, ఏంటా శబ్దం?"

"పాడుతున్నానే."

"మరి ట్యూనేది?"

"వస్తుందిలే. కూర్చో."

పని దిగాక కంపెనీకి ఫోను చేసింది. తర్వాత చర్చి వెనక్కి వెళ్ళి టార్పాలిన్ లాగేసింది. అద్దాలు దించి, ఇంకా వెలుతురుండగానే, వీధి మధ్యలోంచి ఇంటిదాకా నడిపింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెయ్యి ఊపింది. పక్క సీటు ఇంకా చివరిదాకా వెనక్కే జరిపి ఉంది. అది హోసియా కాళ్ళకి కావలసిన కొలత. ఇంటి ముందు, అందరికీ కనపడేలా, ఎన్నో వారాల తర్వాత కారు నిలబెట్టింది.

పొద్దు వాలకముందే లాగుడు బండి వచ్చింది. దిగినవాడు భారీ మనిషి, పేరు డ్వేన్. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మిమ్మల్ని చూడ్డం సంతోషంగా ఉందమ్మా. రెండు నెలల్నుంచి తిరుగుతున్నా. ఎక్కడ పెట్టారసలు?"

"చర్చి వెనక."

"ఛ! నేను ఆ చర్చికే వస్తా."

"వస్తే వెనక వరసలో కూర్చుని నిద్రపోతావేమో."

డ్వేన్ పకపకా నవ్వి, కారు లోపల వెతకడం మొదలెట్టాడు. సొంత వస్తువులు తీసి ఇచ్చేయడం అతని పద్ధతి. గొడుగు, టైరు గాలి కొలిచే గొట్టం, ఒక చేతి తొడుగు గుమ్మం మెట్ల మీద పెట్టాడు. తర్వాత పక్క సీటు సందులో చెయ్యి పెట్టి, గుప్పెడు పిప్పరమెంటు బిళ్ళలు తీశాడు. ఎర్ర చారలవి. "ఇవెవరివమ్మా?"

"మా ఆయనవి. నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నారు. దాహమేస్తే ఒకటి బుగ్గన పెట్టుకునేవాడు."

డ్వేన్ దోసిలి ఆమె ముందు చాపాడు. వర్లీన్ ఒకటి తీసుకుని, కాగితం విప్పి నోట్లో వేసుకుంది. పాతబడి కాస్త మెత్తబడింది గానీ చల్లదనం తగ్గలేదు. "నువ్వూ ఒకటి తీసుకో బాబూ," అంది. అతనూ వేసుకున్నాడు. మిగిలినవి ఆమె కోటు జేబులో పోశాడు.

గొలుసు బిగిసింది. కారు ముందు చక్రాలు నేల విడిచాయి. బండి మెల్లగా వీధి మలుపు తిరిగేదాకా వర్లీన్ మెట్టు మీదే నిలబడి, బుగ్గలో బిళ్ళ ఇటునుంచి అటు తిప్పుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, కిటికీ తెర పక్కకి లాగి, పొయ్యి మీద చిక్కుడు గింజలు పెట్టింది. ఆ రాత్రి ఇంజను చప్పుడేదైనా విన్నా, లాగుడు బండేమోనని లేవాల్సిన పని లేదు.

కారు నిలిచిన చోట, నూనె మరక పక్కన, కాగితం విప్పని పిప్పరమెంటు బిళ్ళ ఒకటి పడి ఉంది, ఏ చక్రం కిందా నలగకుండా.