మేరెన్ ముఖంలోని జవాబులు

బడి బస్సులు వెళ్ళిపోయాక మేరెన్ టీచరు తన తరగతి గది తలుపు దగ్గరగా వేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ లాప్‌టాప్‌కి మాట పడిపోయి చాలా రోజులైంది. ఎవరో పిల్లవాడు దాని మీద చాక్లెట్ పాలు ఒలకబోశాడు. అప్పటినుంచి బొమ్మ కదులుతుంది గానీ శబ్దం రాదు. ఏం ఫరవాలేదనుకుంది మేరెన్. చూడబోయేది తను పెట్టిన పరీక్షే కదా, అందులో ఎవరేం మాట్లాడారో తనకు తెలియనిదేముంది.

ఏటా మార్చి చివర్లో, రోడ్ల పక్కన మంచు ఇంకా నల్లగా గడ్డకట్టి ఉండగానే, నార్త్ డకోటా పిల్లలంతా రాష్ట్ర పరీక్ష రాస్తారు. మేరెన్ గదిలో పిల్లలు అది రాయలేరు. కొందరికి మాట రాదు, కొందరికి చెయ్యి స్వాధీనంలో ఉండదు, కొందరికి అక్షరమే అందలేదు. వాళ్ళ కోసం రాష్ట్రం వేరే పరీక్ష పెట్టింది. టీచరు ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రశ్న చదివి, మూడు బొమ్మల కార్డులు బల్ల మీద పరుస్తుంది. జవాబు అనుకున్న బొమ్మను పిల్ల ముట్టుకోవాలి. పక్కన ఇంకొకరు కూర్చుని చూసి, అంతా సవ్యంగా జరిగిందని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎప్పుడూ వెర్లీన్‌దే. ఆ గదిలో పిల్లల్ని చూసుకోవడానికి మేరెన్‌కి సాయంగా ఉండే పెద్దావిడ ఆమె. ఈసారి ఆమె జ్వరంతో పడుకుంటే అల్మరా మీద కెమెరా పెట్టి పరీక్ష కానిచ్చారు. వెర్లీన్ వచ్చాక అది చూసి సంతకం పెడుతుంది. ఆమెకు చూపించే ముందు సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని మేరెన్ కూర్చుంది.

తెర మీద ఉన్నది కార్లిస్. పద్నాలుగేళ్ళ పిల్ల. మాట రాదు. మూర్ఛలకు పూటపూటా మాత్రలు వేసుకోవాలి. మూడేళ్ళుగా ఆ పరీక్షలో అన్నిటికంటే పైస్థాయి ఆమెదే. అంతకు ముందున్న టీచర్లు ఏ బొమ్మా గుర్తుపట్టలేదని రాసిన పిల్ల, మేరెన్ చేతికి వచ్చిన ఏడాదిలోనే అన్నీ ముట్టుకోవడం మొదలుపెట్టింది. జిల్లా టీచర్ల సమావేశంలో మేరెన్‌ని లేపి, ఎలా సాధించావో చెప్పమన్నారు. ఓపికే కారణమని చెప్పింది. చప్పట్లు కొట్టారు.

వీడియో మొదలైంది. ఎండలో ఏది కరుగుతుంది, అన్నది ప్రశ్న. బల్ల మీద చెంచా, రాయి, మంచుగడ్డ. కార్లిస్ చెయ్యి కార్డుల మీదుగా మెల్లగా జరుగుతోంది. చెంచా దాటింది. రాయి దాటింది. మంచుగడ్డ మీదికి వచ్చింది. అప్పుడు తెర మీది మేరెన్ కనుబొమలు పైకి లేచాయి. తల అంగుళమంత ముందుకు వంగింది. కార్లిస్ చెయ్యి ఆ కార్డు మీద వాలింది.

కుర్చీలో కూర్చున్న మేరెన్ వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

మాట వినబడుతూ ఉంటే మాట వెంటే పోయేదేమో. వినబడకపోవడంతో ముఖాలే మిగిలాయి. కార్లిస్ కార్డులకేసి చూడనే లేదు. పరీక్ష మొదలైనప్పటినుంచి చివరిదాకా ఒక్క కార్డుని కూడా చూడలేదు. ఆమె కళ్ళు మేరెన్ ముఖం మీదే ఉన్నాయి, చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్చి కోసం వెతికే మనిషిలాగా. ప్రతి ప్రశ్నకీ చెయ్యి తేలుతూ వచ్చేది, ప్రతిసారీ సరైన బొమ్మ దగ్గర మేరెన్ ముఖం వెలిగేది. ఒకే ఒక్కటి తప్పింది. ఆ ప్రశ్నప్పుడు ఎవరో తలుపు తట్టారు, మేరెన్ అటు తిరిగింది. ఆ క్షణంలో కార్లిస్ చెయ్యి గాలిలో ఆగిపోయి, దిక్కుతోచక ఎక్కడో పడింది.

మేరెన్ చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేరు, అయినా లాప్‌టాప్ చప్పున మూసేసింది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. సమావేశంలో ఓపిక గురించి తను చెబుతుంటే ముందు వరుసలో కొత్త టీచరొకామె తల వంచుకుని రాసుకోవడం గుర్తొచ్చింది.

ఆ తరవాత ట్వైలా గుర్తొచ్చింది.

ట్వైలా కార్లిస్ తల్లి. నిన్న పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. "సోమవారం నుంచి వృద్ధాశ్రమంలో పొద్దుటి షిఫ్టు ఇస్తున్నారండీ. చీకటుండగానే వెళ్ళాలి. ఇక కార్లిస్ తనంతట తనే లేచి, మాత్ర వేసుకుని, బస్సెక్కుతుంది" అంది. సూర్యుడి బొమ్మ అంటించిన సీసా పొద్దుటిదట, చంద్రుడిది రాత్రిదట. "బొమ్మలు పోల్చడంలో దాన్ని మించినవాళ్ళు లేరని మీరేగా అంది?"

"నేనే అన్నాను" అని నవ్వింది మేరెన్. రాత్రి మాత్ర వేసుకుంటే కార్లిస్ నిలబడ్డచోటే నిద్రపోతుంది. ఆ పిల్ల బస్సు కోసం నిలబడేది హైవే పక్కన.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే మేరెన్ పాత కార్డులు తీసి కార్లిస్‌ని కూర్చోబెట్టింది. తను మాత్రం ఎదురుగా కాకుండా పిల్ల వీపు వెనక కూర్చుని ప్రశ్న చదివింది. కార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. మేరెన్ మెల్లగా ఆమె భుజాలు పట్టి ముందుకు తిప్పింది. చెయ్యి కార్డుల మీద తేలింది, ఆ చివరికి వెళ్ళింది, ఈ చివరికి వచ్చింది, ఎక్కడా వాలలేదు. ఇంకో ప్రశ్న. అదీ అంతే. సూర్యుడు, చంద్రుడు పెట్టింది. ఆ చెయ్యి రెండింటి మధ్యా ఊగుతూ ఉండిపోయింది. చివరికి కార్లిస్ కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి, అరచేత్తో మేరెన్ చెంప మీద తట్టింది. ఆగిపోయిన గడియారాన్ని తట్టినట్టు తట్టింది. కోపం లేదు ఆ చేతిలో. పనిచెయ్యమంటోంది, అంతే.

మధ్యాహ్నానికి వెర్లీన్ ముక్కు చీదుకుంటూ వచ్చింది. మేరెన్ ఆమెకి ఆ వీడియో చూపించింది.

"అయితే ఏమంటావు?" అంది వెర్లీన్, పూర్తిగా చూశాక.

"నేనే చెబుతున్నాను వెర్లీన్. జవాబులన్నీ నావే."

"కనుబొమలెత్తావు. అదేమైనా నేరమా? నా మొగుడు పేకాటలో అంతకంటే ఎక్కువే ఎత్తుతాడు, అయినా ఓడిపోతాడు." వెర్లీన్ పెన్ను తీసింది. "ఎక్కడ సంతకం?"

"పక్కన కూర్చునేదానివి కదా. మూడేళ్ళలో నువ్వెప్పుడూ చూడలేదా?"

"నేను పిల్లనే చూస్తానమ్మాయ్. నీ ముఖం చూడమని ఎవరూ చెప్పలేదు నాకు." గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? సగం సేపు స్వెట్టరు అల్లుకుంటాను. పోనీలేవే పిల్లా. ఆ తల్లికి ఉన్న సంతోషం అదొక్కటే. అది కాస్తా లాగేసుకుని నువ్వు ఏం బావుకుంటావు?"

"సోమవారం నుంచి పిల్ల తన మాత్రలు తనే వేసుకోబోతోంది."

వెర్లీన్ చేతిలో పెన్ను ఆగింది. దాన్ని చూసి, మూత పెట్టి జేబులో వేసుకుంది. "అయితే వెళ్ళి చెప్పు" అంది.

సాయంత్రం ట్వైలా ఇంటికి కారులో వెళుతూ మేరెన్ ఒక దారి కనిపెట్టింది. పరీక్ష ఊసెత్తకుండానే పిల్లని కాపాడొచ్చు. మూర్ఛలున్న పిల్ల, ఒంటరిగా ఉంచడం మంచిది కాదు, అంటే చాలు. టీచరు ఆ మాట అంటే ఏ తల్లయినా వింటుంది. పరీక్ష సంగతి తరవాత నెమ్మదిగా చూసుకోవచ్చు. ఆ ఆలోచన రాగానే గుండె తేలికపడింది. తేలికపడిందని తెలిసి మళ్ళీ సిగ్గేసింది, అయినా దాన్ని వదిలిపెట్టలేదు.

ట్వైలా తలుపు తీసింది. లోపల ఓవెన్‌లో బంగాళాదుంపల హాట్‌డిష్, ఆ పక్క ఇళ్ళల్లో తరచూ వండుకునే వంట, ఉడుకుతున్న వాసన. ముందు గదిలో కార్లిస్ టీవీ ముందు కూర్చుని ఉంది.

"ఏంటండీ, ఇంత దూరం వచ్చారు. ఫోను చేస్తే నేనే వచ్చేదాన్నిగా" అంటూ ట్వైలా వంటింట్లో కుర్చీ లాగింది.

"ఆ షిఫ్టు విషయం ఆలోచిస్తున్నాను, ట్వైలా. కొంచెం తొందరేమోననిపిస్తోంది. ఎంతైనా మూర్ఛలున్న పిల్ల. ఒంటరిగా..."

"నాలుగు నెలలైంది మూర్ఛ వచ్చి. డాక్టరుగారు సరేనన్నారు."

"మాత్రలు కూడా. తారుమారైతే ప్రమాదం."

"తారుమారు ఎందుకవుతాయి? సూర్యుడూ చంద్రుడూ తెలియవా దానికి?"

"బడిలో తెలియడం వేరు, ఇంట్లో..."

ట్వైలా చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది. "అదేంటో సూటిగా చెప్పండి. బడిలో మీ దగ్గరైతే తెలివిగల పిల్ల. నా ఇంటి గడప తొక్కేసరికి మొద్దా? నా పెంపకం మీద నమ్మకం లేదనండి, సరిపోతుంది."

"అది కాదు."

"మరేంటి?"

మేరెన్ బల్ల మీది రబ్బరు గుడ్డ అంచు మడతపెట్టింది, విప్పింది. తనకు తోచిన దారి అక్కడితో అయిపోయింది.

"కార్లిస్‌కి ఆ బొమ్మలు తెలియవు" అంది. "నా ముఖం చూసి చెబుతోంది. సరైన దాని మీదికి చెయ్యి రాగానే నా కనుబొమలు లేస్తాయి. నాకే తెలియకుండా చేస్తున్నాను. నిన్న కెమెరాలో చూశాను. ఇవాళ వెనక కూర్చుని అడిగితే ఒక్కటీ రాలేదు. సూర్యుడూ చంద్రుడూ కూడా రాలేదు. ఆ మార్కులన్నీ నావి, ట్వైలా. మూడేళ్ళవీ నావే."

తిడుతుందనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. ట్వైలా ఓవెన్ ఆపి, చేతులు తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొదటి ఏడాది మీరు నాకో మాట చెప్పారు" అంది చివరికి. "ఇంట్లో కూడా కార్డులతో చేయించండి, కానీ సాయం చెయ్యకండి, ముఖం రాయిలా పెట్టుకోండి, లేకపోతే అది మీ జవాబవుతుంది గానీ తనది కాదు అన్నారు. గుర్తుందా?"

మేరెన్‌కి గుర్తుంది. ప్రతి తల్లికీ చెప్పే మాటే అది.

"అలాగే పెట్టుకున్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. రాయిలాగానే ఉండేదాన్ని. అది నాకేసి చూస్తుంది, చూస్తుంది, చూస్తుంది. ఒక్కటీ ముట్టుకోదు. నా చెంపలు తడుముతుంది. నేను చెయ్యి పక్కకి నెట్టేసేదాన్ని. బడి నుంచి కాగితం వస్తుంది, అన్నీ చెప్పిందని. టీచరు దగ్గర చెప్పేది నా దగ్గర ఎందుకు చెప్పదు? నేనంటే దానికి ఇష్టం లేదేమో, నా ఎదట ఉండగా దానికి బుర్ర పనిచెయ్యదేమో అనుకున్నాను." గొంతు మామూలుగానే ఉంది. "ఈ షిఫ్టు ఎందుకొప్పుకున్నాననుకున్నారు? డబ్బుకి కాదు. నేను ఎదురుగా లేకపోతే బాగా చేస్తుందనిపించింది. అడ్డం నేనే అనుకున్నాను."

ఆ బల్ల దగ్గర రాయిలా కూర్చున్న తల్లినీ, ఆ ముఖాన్ని తడుతున్న చేతినీ మేరెన్ ఎంత వద్దనుకున్నా కళ్ళముందు చూస్తూనే ఉంది. తను చెప్పిన నియమాన్ని పాటించిన మనిషి ఊళ్ళో ఈమె ఒక్కతే.

"నన్ను క్షమించండి" అంది. చాలా చిన్న మాటగా వినబడింది.

"అయితే దానికి ఏం తెలుసు?" అడిగింది ట్వైలా.

"తెలియదు. మొదటినుంచి చూడాలి."

"బడిలో చెబుతారా ఇది? రాష్ట్రం వాళ్ళకి?"

"సోమవారం ప్రిన్సిపాల్‌కి చెబుతాను. మొత్తం చెబుతాను."

ట్వైలా లేచి గోడకున్న ఫోను తీసి వృద్ధాశ్రమంలో షిఫ్టులు చూసే ఆవిడకి చేసింది. "పౌలాగారూ, నేను ట్వైలాని. ఆ పొద్దుటి షిఫ్టు వద్దండీ నాకు... లేదు లేదు, పిల్లకి బాగానే ఉంది. నాదే పొరపాటు. సరిగ్గా ఆలోచించుకోకుండా ఒప్పుకున్నాను... ఔను, మీరు షిఫ్టుల చీటీ కూడా రాసేశారు, తెలుసు. నాదే తప్పు."

మేరెన్ లేచి నిలబడింది. "ఫోను ఇటివ్వండి. నేను చెబుతాను ఆవిడకి."

ట్వైలా ఫోను మీద అరచెయ్యి మూసింది. "ఏం చెబుతారు ఆవిడకి? చెప్పాల్సింది అక్కడ కాదు. కూర్చోండి."

మేరెన్ కూర్చుంది. ఫోనులో ట్వైలా ఇంకో రెండుసార్లు క్షమించమని అడిగింది. అటువైపు ఆవిడేదో గట్టిగా అంటోంది, మాటలు తెలియలేదు గానీ ఆ గొంతు వంటింటి దాకా వినబడింది.

ఫోను పెట్టేశాక ట్వైలా హాట్‌డిష్ బయటికి తీసి, మూడు పళ్ళేలు పెట్టి, కార్లిస్‌ని పిలిచింది. తను వెళ్ళాలంది మేరెన్.

"చేసింది ముగ్గురికి సరిపోతుంది" అంది ట్వైలా. ఆ గొంతులో ఆదరం లేదు, కోపం కూడా లేదు.

కార్లిస్ వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుని, ఒకసారి తల్లి ముఖం, ఒకసారి టీచరు ముఖం చూసింది. పెద్దవాళ్ళిద్దరూ పళ్ళేల్లోకి చూస్తూ తినడం మొదలుపెట్టారు. చాలా వేడిగా ఉంది. మేరెన్ నోరు కాలింది. అయినా ఊదకుండా మింగింది.