ఆరోగ్యమ్మ రాయి

పెళ్లయి నెల దాటినా ఆరాధనకు సంబరం తగ్గలేదు. గాజులు గలగలమంటే నవ్వు, మొగుడు జస్టిన్ తన ఎంగిలి టీ తాగితే నవ్వు, వాకిట్లో టేకాకు రాలినా నవ్వే. ఆ నవ్వు ఆగేది ఒక్క మనిషి వచ్చినప్పుడే. ఆయన జస్టిన్ చిన్నాన్న ఎబినేజర్. ముందు సెంటు వాసన వచ్చేది, తర్వాత ఇస్త్రీ చొక్కా, ఎప్పటికో మనిషి.

ఆదివారం ఆయన తల్లి ఆరోగ్యమ్మ సంవత్సరీకం. పాస్టరుగారు ప్రార్థన చేసి సమాధి మీద రాయి నిలబెడతారు. ఖమ్మం నుంచి నల్ల గ్రానైటు తెప్పించి వాకిట్లో పెట్టారు. చెక్కే పగిడయ్య ముందు సుద్దతో రాసి చూపిస్తాడు. ఇంటివాళ్లు సరేనంటేనే ఉలి దించుతాడు. దించాక ఇక చెరగదు.

మంచం మీంచి ఆరోగ్యమ్మ భర్త, తాత లూకా అడిగాడు. "మీ అవ్వ పేరు యాడుంది బిడ్డా? నా కండ్లకు ఆనుతలేదు."

ఎబినేజర్ చెప్పగా పగిడయ్య సుద్దతో రాసినదాన్ని ఆరాధన వంగి చదివింది. "కీ.శే." అని మొదలై, "మాజీ ఉపసర్పంచ్, సంఘ పెద్ద, సమాజ సేవకులు శ్రీ ఎబినేజర్ గారి మాతృమూర్తి" అని ముగిసింది. రాయి నిండిపోయింది.

"లేదు తాతయ్యా."

అడవిలోని గూడేలకు నడిచిపోయి కాన్పులు చేసిన మనిషి ఆరోగ్యమ్మ. ఆమె పేరు పెట్టుకున్న ఆడపిల్లలు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

"చిన మామయ్యా, కీ.శే. అంటే ఏంది?" అంది ఆరాధన.

జస్టిన్ వద్దన్నట్టు దగ్గాడు. ఆ దగ్గు కూడా ముద్దుగానే ఉంది గానీ ఆమె ఆగలేదు.

"పోయినోళ్లకు పెడ్తరు. గౌరవం. ఎంఏ చేసినవ్, గది తెల్వదా?"

"కీర్తిశేషులు. సంస్కృతం మాట. శేషమంటే మిగిలింది. మనిషి పోయిండు, కీర్తొక్కటే మిగిలిందని. చచ్చిపోయిండు అనడానికి నోరు రాక పెద్దలు కట్టుకున్న మాట. మరి ఈ రాయి మీద మిగిలిన పేరెవరిది?"

ఎబినేజర్ ఛాతీ ఉబ్బింది. "నాదే! ఎబినేజర్ తల్లంటే ఈ మండలంల తెల్వనోడెవడు?"

"అవ్. మిగిలింది మీ పేరొక్కటే. అయితే ఆ కీ.శే. గూడ మీకే చెందాలె."

పగిడయ్య చేతిలో సుద్ద ఆగిపోయింది.

"స్తోత్రం ప్రభువా! ఏం నోరు తల్లీ! నేను బతికున్న!"

"రాయి చూసినోళ్లకు ఆ సంగతెట్ల తెలుస్తది మామయ్యా?"

ఎబినేజర్ సెంటు చొక్కా చెమటకు తడిసింది. రాయి వంక మళ్లీ చూడ్డానికే జంకాడు.

లూకా మంచం దిగాడు. భుజం మీది తువ్వాలు బిందెలో ముంచి, ఉపసర్పంచ్‌నీ, సంఘ పెద్దనీ, సమాజ సేవకుణ్ణీ ఒక్కొక్కరినే తుడిచేశాడు. తెల్లటి నీళ్లు ఎబినేజర్ చెప్పుల దాకా పారాయి.

"పగిడయ్యా, ఆరోగ్యమ్మ అని రాయి. పెద్దగ, నా కండ్లకు ఆనేటట్టు."

"నా పేరో?" అన్నాడు ఎబినేజర్ సన్నగా.

"జాగ మిగిలితే సూద్దాం."

మిగల్లేదు.