ఇంకో ఎండ పడాలి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. పడక్కుర్చీలో తాతయ్య పేరయ్య, పొద్దున బస్సుకు గుంటూరు నుంచి దిగిన బాబాయి శ్రీకృష్ణ, మైకుసెట్టు లాల్ అహ్మద్, వంటింట్లో అమ్మ రాజేశ్వరి, వంటింటికీ ముందుగదికీ మధ్య గడప మీద ఎవరికీ అడ్డం కాకుండా బిందుమాధవి. నాన్న మిరపకాయ బస్తాలతో యార్డుకు వెళ్ళాడు. నాయనమ్మ గురవమ్మ పోయి రెండేళ్ళయింది. కానీ ఆమె పాట టేపులో ఉంది గనక, బిందుమాధవి లెక్కలో ఆ రోజు ఆరుగురు.

రెండు వేల ఒకటి, మార్చి నెల. బాబాయి తను పనిచేసే కొట్టు నుంచి ఒక జత స్పీకర్లు తెచ్చాడు. పుస్తకాల అలమరలో పట్టేంత చిన్నవి. నున్నటి చెక్క, కింద నల్లటి కాగితపు కోను, పైన సన్నటి చప్పుళ్ళు పలికే చెవిదిద్దంత ట్వీటరు. కొట్టు యజమాని ఒక్క రోజుకే ఇచ్చాడు. తాతయ్యకు నచ్చితే ఉంటాయి. లేకపోతే నాలుగున్నర బస్సుకు తిరిగి పోతాయి.

బీరువా మీద అప్పటికే ఒక జత ఉంది. లాల్ మామయ్య చేతిపని. ప్లైవుడ్డు పెట్టెలు కొట్టి, పాత రేడియోల్లోంచి తీసిన స్పీకర్లు బిగించి, లోపల తాతయ్య చేలో పండిన పత్తి కుక్కాడు. నాయనమ్మే ఒక్కో గింజా ఒలిచి ఇచ్చింది. ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ పెట్టెల్లోంచే ఆమె పాట వింటున్నారు.

"బావా, నీ అత్తరు సీసాల్లాంటి పెట్టెలు నా వాటి ముందు నిలుస్తాయంటావా?" అన్నాడు లాల్ అహ్మద్.

"నీ పెట్టెలో పాట పరుపు కింద దూరి పాడినట్టుంటుంది బావా. కరెంటు రానీ, చెప్తా."

పదకొండింటికి కరెంటు వచ్చింది. ముందు పాత పెట్టెలు. నాయనమ్మ గొంతు ఎప్పటిలాగే ముద్దగా, వెచ్చగా, పక్కన కూర్చుని వీపు నిమిరినట్టు వచ్చింది. తాతయ్య తల ఊపాడు. లాల్ అహ్మద్ మీసం దువ్వుకున్నాడు.

బాబాయి వైర్లు మార్చాడు. పాట మొదలవక ముందే ఒక చిన్న చప్పుడు వినిపించింది. నాయనమ్మ ఊపిరి పీల్చుకుంది.

టేపు విన్న ఐదేళ్ళలో బిందుమాధవికి ఆ ఊపిరి ఎప్పుడూ వినిపించలేదు. పాడబోయే ముందు నాయనమ్మ గుండెల నిండా గాలి పీల్చుకునేదని తనే మర్చిపోయింది. ఈ పెట్టెలు పోకూడదు అనుకుంది. ఆ మాట పైకి అనడం ఎలాగో మాత్రం తెలియలేదు. బడిలో హాజరు పలికినా మాస్టారు రెండోసారి పిలిచే గొంతు ఆమెది.

పాట సగంలోకి రాగానే కుడి పెట్టెలోంచి గరగరమని మొదలైంది. కాసేపు ఆగింది. మళ్ళీ గలగలమంది.

"అదుగో!" లాల్ అహ్మద్ లేచి నిలబడ్డాడు. "కోను చిరిగింది! నా వాటిలో ఎప్పుడన్నా విన్నావా మామా ఈ రొద?"

బాబాయి వైర్లు కదిపి చూశాడు. కోను మీద వేలు పెట్టి చూశాడు. పాత పెట్టెలకు మారిస్తే గరగర లేదు. కొత్తవాటికి మారిస్తే సరిగ్గా అక్కడే వస్తోంది.

"తీసుకుపోరా," అన్నాడు తాతయ్య. "చెడ్డ సరుకు అంటగట్టారు నీకు."

నాలుగు దాటేదాకా బాబాయి ఏదో ఒకటి విప్పి బిగిస్తూనే ఉన్నాడు. చివరికి ముఖం మాడ్చుకుని అట్టపెట్టె తెరిచాడు.

బిందుమాధవి గడప దిగి పెరటి కల్లంలోకి పరిగెత్తింది. ఎండుతున్న మిరపకాయ ఓణీ చెంగులోకి ఎత్తుకుని వచ్చి, తాతయ్య చెవి పక్కన చేత్తో కలియబెట్టింది. గరగర. గలగల.

"ఏందే ఇది?"

"చిరుగు కాదు తాతయ్యా," అంది, నేలను చూస్తూ. "కాయ. నాయనమ్మ కాయ తిరగేస్తూ పాడుతోంది."

"అవును సుమా!" బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "కల్లంలోనే కదా రికార్డు చేసింది! బస్తాలు బూజు పట్టిన ఏడు, కాయ ఎత్తే రోజున."

ఊళ్ళో కాయ ఎండిందో లేదో తేలాలంటే పేరయ్య చెవే తీర్పు. చెవి దగ్గర ఊపి, లోపల గింజ మోగే తీరుని బట్టి చెప్పేవాడు. ఆయన తీర్పు తప్పింది ఆ ఒక్క ఏడే. అదీ గోతాల్లో చెమ్మ వల్లేనని ఇప్పటికీ అంటాడు. ఆ ఏడు, ఇంకో రోజు ఎండనిద్దామని నాయనమ్మ అంటే, "నాకు చెబుతావా?" అని కల్లంలో అందరి ముందూ అరిచాడు. ఆ సంగతి అమ్మ ఒకసారి బిందుమాధవికి చెప్పింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు తాతయ్య.

కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. పాటను కాదు. దాని వెనక చప్పుడును. గలగలలో ఎక్కడో ఒక మెత్తదనం ఉంది. బిందుమాధవి ఒళ్ళో కాయకు అది లేదు.

"పచ్చి," అన్నాడు చాలాసేపటికి. "ఇంకో ఎండ పడాలి."

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది.

లాల్ అహ్మద్ తన పెట్టెల మీద దుమ్ము తుడుస్తూ, "నేను కుక్కిన పత్తి ఈ చప్పుడంతా మింగేసింది మామా," అన్నాడు నెమ్మదిగా.

"ఇన్నాళ్ళూ మంచిపనే చేసిందిరా లాలూ. వాటినక్కడే ఉండనీ."

మలుపులో బస్సు హారను మోగింది. బాబాయి అట్టపెట్టె వైపు చూశాడు.

"నాన్నా, నాలుగున్నర..."

"బస్సును పోనీ. ఇవీ ఉంటాయి. మీరు కాసేపు బయటికి పోండి."

బాబాయీ లాల్ అహ్మదూ వసారాలోకి నడిచారు. బిందుమాధవి వాళ్ళ వెనకే వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయింది. నాయనమ్మ ఊపిరి ఇంకొక్కసారి వినాలని ఉంది. తాతయ్య లేచి వచ్చాడు. ఆమె చెంగులోంచి ఒక కాయ తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఆమె తల మీద చెయ్యి వేసి, మెల్లగా గడప అవతలికి జరిపి, తలుపు వేసుకున్నాడు.